కాటా మీద కాలు

మాది ఆమదాలవలసలో చిన్న కిరాణా కొట్టు. నాన్న పెట్టింది, ఆయన పోయాక నేను చూసుకుంటున్నాను. తూకం మా ఇంట్లో అందరికీ చేతిలోనే ఉంటుంది. చింతపండు గుప్పెడు తీసి కాగితంలో పెడితే పావు కిలోకి పది గ్రాములు అటో ఇటో, అంతే. అలాంటి నాకు 20 కిలోలంటే ఎంతో కాలితో తెలుసుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఎడమ కాలు మోకాలి కింద విరిగి, రాడ్డు వేయించుకుని, మంచం మీద పడుకుని ఫోన్‌లో వెతుక్కున్న రోజుల్లో నాకు దొరకని సంగతులు కొన్ని ఉన్నాయి. అలాగే పడుకుని వెతుక్కుంటున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను.

కార్తీకం వెళ్లిన వారం. బాకీ వసూలుకి లోపలి ఊరొకటి వెళ్లి బండి మీద తిరిగి వస్తున్నాను. కోతలు అయ్యాయి కదా, రోడ్డుకి సగం మేర ధాన్యం ఆరబోసి ఉంది, చుట్టూ రాళ్లు పేర్చారు. పొద్దు వాలిపోయింది. ఎదురుగా వచ్చిన ట్రాక్టరు లైటు కళ్లలో పడింది. ముందు చక్రం రాయెక్కింది. బండి నా మీద, నేను ధాన్యం మీద. నొప్పి అప్పటికి తెలియలేదు. లేవబోయి కాలు చూసుకున్నాను. మోకాలు ఆకాశం వైపు ఉంది, పాదం మాత్రం పక్కన వరిచేను వైపు తిరిగి ఉంది. అది నా పాదమేనా అనిపించింది. కడుపులో తిప్పింది.

చేలోంచి ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. కుర్రాడు నన్ను చంకల కింద పట్టి లేపబోతే, పెద్దాయన కసిరాడు. "లేపకురా, అలాగే ఉండనీ." కావిడి బద్ద తెచ్చి కాలికి ఆనించి, తువ్వాలు చింపి మోకాలికి పైన ఒకటి, చీలమండ దగ్గర ఒకటి కట్టాడు. విరిగిన చోట మాత్రం కట్టలేదు. 108 వచ్చేదాకా నా తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎముక మొన చర్మాన్ని చీల్చుకుని బయటికి రాకుండా కాపాడింది ఆ బద్దే అని డాక్టరు తర్వాత చెప్పారు. చర్మం చిట్లితే చీము పట్టే ప్రమాదం, చీము పడితే వైద్యమంతా వేరే దారి.

ఆ రాత్రి ఒక ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. ఎక్కడన్నది అనవసరం. కట్టు మీద కట్టు బిగించి చుట్టేశారు. అర్ధరాత్రి దాటాక కాలి వేళ్లు మొద్దుబారాయి. ఎవరైనా బొటనవేలు కాస్త పైకెత్తితే పిక్కలో ప్రాణం పోతోంది. నర్సమ్మని పిలిస్తే "విరిగింది కదా, నొప్పి ఉండదా?" అంది. మా బావ ఊరుకోలేదు. డ్యూటీ డాక్టర్ని నిద్ర లేపి తెచ్చాడు. ఆయన చూసి కత్తెరతో కట్టు పొడవునా కోసి వదులు చేశాడు. పావుగంటలో వేళ్లకి రంగు వచ్చింది. విరిగిన కాలు లోపల వాస్తుంది, వాచడానికి చోటు లేకపోతే రక్తం ఆడదు, కొన్ని గంటలు అలాగే వదిలేస్తే కండ చచ్చిపోతుంది. మందులకు లొంగని నొప్పి, వేళ్లు కదిపితే పెరిగే నొప్పి, తిమ్మిరి ఉంటే మొహమాటపడకండి. అరవండి. నాటు కట్టు కట్టించుకునేవాళ్లకీ ఇదే మాట. పుత్తూరు కట్టు మీద మా చుట్టాలకి గొప్ప నమ్మకం. ఎముక పక్కకు జరగకుండా చిన్నగా విరిగితే ఏ కట్టు అయినా సరిపోతుందేమో. నాది రెండు ముక్కలై ఒకదాని పక్కకి ఒకటి జరిగిపోయింది. పక్కనున్న సన్న ఎముక కూడా విరిగింది.

మూడో రోజు శ్రీకాకుళంలో ఆపరేషన్. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నడుము కింద మొద్దుబారేలా చేశారు, మనిషిని మాత్రం మెలకువగానే ఉంచారు. ఎదురుగా ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. మోకాలు వంచి, మోకాలి చిప్ప కింద చిన్న గంటు పెట్టి, ఎముక మధ్య బోలులోంచి పై నుంచి కిందికి రాడ్డు దింపారు. సుత్తితో కొడుతుంటే ఆ చప్పుడు నాకు వినిపిస్తోంది. నొప్పి లేదు, కానీ దెబ్బ దెబ్బకీ ఒళ్లంతా బల్ల మీద పైకి జరుగుతోంది. ఎవరో మా ఇంటి గుమ్మానికి మేకు కొడుతున్నట్టు. పైన రెండు, కింద రెండు అడ్డంగా స్క్రూలు వేశారు. సన్న ఎముక జోలికి పోలేదు, అదే అతుక్కుంటుందట. ఇలా ఎముక లోపలికి రాడ్డు దింపే పద్ధతిని 1939లో కున్‌షర్ అనే జర్మనీ సర్జన్ మొదలుపెట్టాడని తర్వాత చదివాను. అప్పట్లో అడ్డం స్క్రూలు లేవు.

మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ని అడిగాను, విరిగిన చోట కోసి చూడకుండా ఎందుకు మోకాలి దగ్గర నుంచి వెళ్లారని. ఆయన నా చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీశారు. విరిగిన చోట రక్తం కారి గడ్డ కడుతుంది, ఆ గడ్డే పునాది. దాన్ని తెరిచి కడిగేస్తే పునాది తవ్విపోసినట్టు. మొదటి వారం అక్కడ వాపు, వేడి. చచ్చిన ముక్కలను శుభ్రం చేసే కణాలు చేరతాయి, కొత్త రక్తనాళాలు మొలుస్తాయి. రెండు మూడు వారాలకి రెండు మొనల మధ్య మెత్తని మృదులాస్థి అల్లుకుంటుంది. చెవి డొప్ప పట్టుకుని చూడండి, అలాంటిదే. ఆ తర్వాత దానిలో సున్నం చేరి, మూడు నాలుగు నెలల్లో గట్టి ఎముకగా మారుతుంది. దాన్ని వాళ్లు కాలస్ అంటారు. ఆఖరిది సాపు చేయడం. అదనంగా వేసిన ముద్దని చెక్కుకుంటూ పాత ఆకారానికి తెచ్చుకోవడం. దానికి ఏళ్లు పడుతుంది.

"అతుక్కోవడం అంటే జిగురుతో అంటించినట్టు కాదండీ, పెరగడం. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది. ఎముక విరిగితే మళ్లీ ఎముకే వస్తుంది. ఒంట్లో ఇలాంటివి ఎక్కువ లేవు" అన్నారు.

ఆ బొమ్మ ఇప్పటికీ గల్లాపెట్టెలో ఉంది. కానీ ఆయన ఆ రోజు చెప్పిన రెండో మాట నేను చెవిన వేసుకోలేదు. "కుట్లు విప్పాక వాకర్‌తో నిలబడి, కాలు నేలకి ఆనించి కొంచెం కొంచెం బరువు వేస్తూ ఉండాలి." తలూపాను.

ఇంటికొచ్చాక సంగతి వేరు. మాది పాతకాలం మరుగుదొడ్డి. గొంతుకు కూర్చోలేను. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో బొక్క ఉన్నది, మందుల షాపులో అమ్ముతారు, అది తెచ్చారు. 47 ఏళ్ల మనిషిని, ముందు గదిలో తెర కట్టుకుని అందులో కూర్చున్నాను. దీని గురించి ఎవరూ రాయరు గానీ, ఆపరేషన్ కంటే నన్ను ఏడిపించింది అదే. రెండోది కాలి రంగు. మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడేస్తే రెండు నిమిషాల్లో పాదం వంకాయ రంగుకి తిరిగేది. భయపడి మళ్లీ ఎత్తి దిండ్ల మీద పెట్టేవాణ్ణి. కండ పనిచేయక రక్తం పైకి ఎక్కడం లేదని, చీలమండ గంటకోసారి పైకీ కిందకీ ఆడిస్తే తగ్గుతుందని తర్వాత తెలిసింది. ఆడిస్తే నిజంగానే తగ్గింది.

ఇక చూడవచ్చినవాళ్లు. కొట్టుకి సరుకు కోసం వచ్చిన ప్రతివారూ లోపలికి తొంగి చూసి ఒక కథ చెప్పి వెళ్లేవారు. వాళ్ల తోడల్లుడికి రాడ్డు విరిగింది, వాళ్ల పిన్నికి కాలు పొట్టిదైపోయింది. అందరి సలహా ఒకటే, కదలొద్దు. అందరికంటే గట్టిగా చెప్పింది మా అమ్మ. "ఒరే నాయనా, కాలు కింద ఎట్టకు. పచ్చి ఎముక, కదిలిపోద్ది."

పత్యం కూడా అమ్మదే. పులుపు వద్దు, వంకాయ వద్దు, గోంగూర వద్దు, చేప వద్దు, గుడ్డు వేడి. మొదటి నాలుగు వారాలు బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు, అన్నం. దాని మీద ఆదివారం ఆదివారం మేక కాళ్ల సూప్. ఎముకకి ఎముక అని. ఎదురింటామె నల్లేరు కాడలు తెచ్చిచ్చింది. చేతులకి నువ్వుల నూనె రాసుకోకుండా ఈనెలు తీసిన మా ఆవిడ రెండు గంటలు చేతులు గోక్కుంటూ కూర్చుంది, అంత దురద. పచ్చడి మాత్రం కమ్మగా ఉంది. నల్లేరుతో నా ఎముక అతికిందని నేను చెప్పను, అతకలేదనీ చెప్పను. అన్నంలోకి బాగుంది.

ఆరు వారాలకి ఎక్స్‌రే. ఫిల్ము వెలుగులో పెట్టి చూశాను. విరిగిన గీత అలాగే ఉంది. తెల్లటి రాడ్డు, తెల్లటి స్క్రూలు, మధ్యలో నల్లటి గీత. నా గుండె జారిపోయింది. డాక్టరు మాత్రం పెద్దగా కంగారు పడలేదు. మెత్తని కాలస్ ఎక్స్‌రేలో కనబడదు, సున్నం పట్టాకే కనబడుతుంది. "ఇప్పటికి అంచుల్లో కాస్త మబ్బు మొదలవ్వాలి, పర్వాలేదు. కాలు ఆనిస్తున్నారా?" అన్నారు. "ఆనిస్తున్నానండీ" అన్నాను. అబద్ధం. బొటనవేలు కొసతో నేలని పలకరించేవాణ్ణి, అంతే. "సిగరెట్టు?" "మానేశానండీ." అదీ అబద్ధం. రోజుకి ఆరేడు కాల్చేవాణ్ణి, మంచం మీద పొద్దుపోక ఇంకో రెండు పెరిగాయి.

సంక్రాంతి అలా మంచం మీదే వెళ్లింది. వీధిలో భోగి మంట వేస్తే కిటికీలోంచి చూశాను. పిల్లలు పిడకల దండలు పట్టుకుని పరిగెడుతుంటే, పరుగు అన్నది నాకు సంబంధం లేని పనిలా అనిపించింది. అప్పటికి ఎడమ పిక్క ఎంత సన్నబడిందంటే, లుంగీ తొలగితే మా చిన్నది "నాన్నా, ఇది తాతయ్య కాలులా ఉంది" అంది.

రథసప్తమికి ఏటా రాత్రికి రాత్రే అరసవల్లి వెళ్లి క్యూలో నిలబడేవాణ్ణి. ఈసారి మా ఆవిడా పిల్లలూ వెళ్లొచ్చి ప్రసాదం పెట్టారు. తర్వాత రెండు మూడు రోజులకే పదో వారం ఎక్స్‌రే. షేర్ ఆటోలో వెనక సీటు మొత్తం మాట్లాడుకుని, కాలు అడ్డంగా చాపుకుని శ్రీకాకుళం వెళ్లాను. గీత ఇంకా ఉంది. ఒక పక్కన మాత్రం పొగమంచు తునకలాగా ఏదో.

డాక్టరు ఫిల్ము దించి నన్ను నిలబడమన్నారు. వాకర్ పట్టుకుని నిలబడ్డాను. ఎడమ పాదం గాలిలో. ఆయన ఏమీ మాట్లాడకుండా ఆ పాదం కేసి కాసేపు చూశారు.

"మీరు చెప్పేది ఒకటి, మీ కాలు చెప్పేది ఒకటి" అన్నారు.

ఆ రోజు ఆయన కోప్పడ్డారు, కానీ కూర్చోబెట్టి కోప్పడ్డారు. మోకాలి కింద ఎముకకి ముందు వైపు చర్మం తప్ప కండ లేదు. రక్తం చేరేది తక్కువ, అందుకే చెయ్యి ఆరు వారాల్లో కుదురుకుంటే, పెద్దవాళ్లకి ఈ ఎముక నాలుగు నుంచి ఆరు నెలలు తీసుకుంటుంది. అందులోనూ నాది కింది భాగంలో విరిగింది, అక్కడ మరీ నిదానం. దాని మీద సిగరెట్టు. ఉన్న కాసిని సన్న రక్తనాళాలనూ నికోటిన్ బిగించేస్తుంది. నా వేళ్ల మీద పసుపు మచ్చలు ఆయన ఎప్పుడో చూశారు, నేనే చెబుతానేమో అని ఆగారట.

"రాడ్డు ఉంది కదండీ, అది మోస్తుంది కదా" అన్నాను.

"అది మిమ్మల్ని జీవితాంతం మోయడానికి కాదు. ఎముక అతికేదాకా ఆసరా. తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే ఏదో రోజు తెగుతుందా లేదా? ఎముక అతక్కపోతే రాడ్డో స్క్రూనో అలాగే అలిసి విరుగుతుంది. రాడ్డుకీ ఎముకకీ పందెం నడుస్తోంది. మీరు ఎముక వైపు ఉండాలి."

ఎముక వైపు ఉండటం అంటే బరువు వేయడమే. రెండు మొనలూ ఒకదాన్ని ఒకటి కొద్దిగా నొక్కుకుంటూ ఉంటే అక్కడున్న కణాలకి, ఇక్కడ ఎముక కావాలి అని కబురు అందుతుంది. నొక్కుడు లేకపోతే కబురు లేదు. ఎముక తన మీద పడే బరువును బట్టి తనను తాను కట్టుకుంటుందని జూలియస్ వుల్ఫ్ అనే జర్మనీ సర్జన్ 1892లోనే రాశాడు. మా పెద్దాడు డిగ్రీ చదువుతున్నాడు, ఇంటికొచ్చాక వాడు ఇంకో ముక్క కలిపాడు. అంతరిక్షంలో తేలుతూ ఉండే వ్యోమగాములకి, నేల మీద బరువు మోసే ఎముకలు నెలకి సుమారు 1 నుంచి 1.5 శాతం సాంద్రత కోల్పోతాయట. "నువ్వూ రెండు నెలలుగా అంతరిక్షంలోనే ఉన్నావు నాన్నా" అన్నాడు. గుంటడికి నోరు ఎక్కువ.

డాక్టరు నెల గడువు ఇచ్చారు. అప్పటికీ కాలస్ కనబడకపోతే ఒక పక్క స్క్రూ తీసేస్తానన్నారు. రాడ్డు మీద ఎముక కాస్త జారి రెండు మొనలూ దగ్గరగా నొక్కుకుంటాయని. చిన్న ఆపరేషనే, కానీ ఆపరేషన్ ఆపరేషనే. ఆ సుత్తి చప్పుడు మళ్లీ చెవిలో మోగింది.

ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి రెండుసార్లు ఇంటికొచ్చేది. పాతికేళ్లు కూడా ఉండవు. మొదటి రోజే నా జబ్బు కనిపెట్టేసింది. "అంకుల్, మీకు కాలు నొప్పి లేదు, కాలంటే భయం ఉంది" అంది. నిజమే. నొప్పి అప్పటికి చాలా తగ్గింది. కానీ పాదం నేలకి ఆనగానే, ఆ సాయంత్రం వరిచేను వైపు తిరిగిన పాదం కళ్ల ముందుకి వచ్చేది. లోపల ఏదో పుటుక్కుమంటుందని ఎదురుచూసేవాణ్ణి.

"ఇంట్లో బరువు చూసుకునే మిషన్ ఉందా అంకుల్?"

"మిషనేంటమ్మా, కాటాయే ఉంది."

కొట్టులో బస్తాలు తూచే కాటా. పక్కన అదే ఎత్తుకి రెండు చెక్కలు పేర్చి కుడి కాలు వాటి మీద పెట్టించింది. ఎడమ కాలు కాటా మీద. రెండు చేతులూ వాకర్ మీద. మధ్యాహ్నం వేళ, షట్టరు సగం దించి ఉంది. ఎర్రంకెలు సున్నా దగ్గర వెలుగుతున్నాయి. "మెల్లగా ఎడమ వైపు వాలండి."

వాలాను. 2.4. 3.1. 4.8. చెమట పట్టేసింది. నా లెక్కన సగం బరువు వేసేశాను. 5 కిలోల గోధుమపిండి సంచి కూడా కాలేదు! ఆ అంకె చూసి నాకే సిగ్గేసింది. ఇన్నాళ్లూ "ఆనిస్తున్నాను" అన్నది రెండు మూడు కిలోల మాట. మళ్లీ వాలాను. 7. 9.2. కాలు వణుకుతుంటే అంకెలూ వణుకుతున్నాయి. 11 దగ్గర పిక్కలో లాగింది, ఎముకలో కాదు. ఆ తేడా ఆ క్షణంలో మొదటిసారి తెలిసింది. కండ నొప్పి వెడల్పుగా, వెచ్చగా ఉంటుంది. ఎముక నొప్పి అయితే ఒక్క చోట, వేలు పెట్టి చూపించేలా ఉంటుంది. 15 దగ్గర ఆపించింది. నూనె డబ్బా బరువు. ఏమీ పుటుక్కుమనలేదు.

తలుపు దగ్గర అమ్మ నిలబడి చూస్తోంది. "ఏటమ్మా, నా కొడుకుని బస్తాలాగ తూస్తన్నావు" అంది ఆ అమ్మాయితో. కోపంగా అందామనుకుని మొదలుపెట్టి, నవ్వేసింది.

ఆ తర్వాత నాకు అంకెల భాష దొరికింది. ఆ వారమంతా నూనె డబ్బా. రోజుకి నాలుగుసార్లు కాటా ఎక్కి, 15 అంటే ఎంతో కాలికి గుర్తు పట్టించి, దిగి వాకర్‌తో అదే బరువుతో గదంతా నాలుగు చుట్లు. రెండో వారం 20, మూడో వారం 25, బియ్యం బస్తా. మర్నాడు పొద్దున లేచేసరికి వాపూ నొప్పీ ముందు రోజు కంటే పెరిగి ఉంటే ఆ రోజు పెంచకూడదని ఆ అమ్మాయి పెట్టిన నియమం. ఒక్కసారే అలా అయింది, రెండు రోజులు 20 దగ్గరే ఆగాను. అందరూ నాలాగే పెంచమని కాదు. విరిగిన తీరు, వేసిన రాడ్డు బట్టి ఎంత బరువో డాక్టరే చెప్పాలి. కొన్నిటికి అసలు ఆనించకూడదు కూడా.

సిగరెట్టు ఆ పదో వారం రోజే ఆపాను. అమ్మకి చెబితే నమ్మలేదు. ఆవిడ అడ్డపొగ కాలుస్తుంది, నిప్పు నోట్లో పెట్టుకుని. "నలబయ్యేళ్ల బట్టీ కాలుత్తన్నాను, నాకేటి ఎముక ఇరిగింది?" అంది. దీనికి డాక్టర్లు కూడా సమాధానం చెప్పలేరనుకుంటాను. ఆవిడ బండి నడపదు.

పత్యం కూడా ఎత్తేశాం. ఎముక అంటే ఒట్టి సున్నం కాదు. మా పాత ఇంటి మట్టిగోడలో ఎండుగడ్డి కలిపి ఉండేది, గడ్డి లేకపోతే గోడ పెళ్లలు ఊడిపోతుంది. ఎముకలో ఆ గడ్డి కొల్లాజెన్ అనే ప్రోటీన్. అది తయారవ్వాలంటే ఒంటికి ప్రోటీనూ కావాలి, సి విటమినూ కావాలి. గుడ్డు, చేప, ఉసిరికాయ, నిమ్మకాయ, అంటే అమ్మ వద్దన్న జాబితా దాదాపు మొత్తం. కాళ్ల సూప్‌లో మనం అనుకున్నంత కాల్షియం దిగదట. ఆ మాటకొస్తే మన చోడి పిండి, అదే రాగి పిండి, నయం, 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగానే కాల్షియం ఉంటుంది. కొట్టులో బస్తా పెట్టుకుని నేను సూప్ తాగుతున్నాను. పొద్దున్నే చోడి అంబలి, మజ్జిగ, ఉల్లిపాయ. మధ్యాహ్నం ముళ్లతో సహా నమిలే ఎండు నెత్తళ్లు. డి విటమిన్ పరీక్ష చేయిస్తే తక్కువ ఉంది, దానికి వారానికో మాత్ర రాశారు. రోజంతా కొట్టులో నీడన కూర్చునేవాణ్ణి కదా.

పద్నాలుగో వారం ఎక్స్‌రే చూడటానికి నాకు డాక్టరు అక్కర్లేకపోయింది. విరిగిన చోట చుట్టూ తెల్లగా ఉబ్బు. రెండు కర్రల్ని కలిపి తాడు చుట్టినట్టు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీసిన రెండు ఫిల్ముల్లో నాలుగు అంచులు కనబడతాయి, అందులో మూడింటి మీదుగా వంతెన పడితే అతికినట్టే లెక్క. నాకు రెండు పూర్తిగా, మూడోది సగం పడ్డాయి. స్క్రూ తీసే మాట ఆయన ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఆలస్యానికి సిగరెట్టు ఎంత, పత్యం ఎంత, భయం ఎంత అని అడిగాను. విడివిడిగా తూచి చెప్పే కాటా తన దగ్గర లేదన్నారు. నా అనుమానం మాత్రం భయం మీదే.

ఉగాది దాటాక, ఇరవయ్యో వారానికి "అతికింది" అన్న మాట వచ్చింది. మిఠాయి పంచాం. మర్నాడు వాకర్ గోడకి ఆనించేసి నాలుగడుగులు వేశాను. ఐదో అడుగుకి మోకాలు మడతపడి పప్పు బస్తాల మీద కూర్చుండిపోయాను. ఎక్స్‌రేలో ఎముక బాగుంది. దాన్ని నిలబెట్టే కండ ఏదీ? ఆ అమ్మాయి టేపు పెట్టి కొలిస్తే ఎడమ తొడ కుడిదాని కంటే 4 సెంటీమీటర్లు తక్కువ. ఎముక అతకడం సగం పనే అని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పినా విని ఉండను.

ఆ వేసవి మొత్తం దానికే పోయింది. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కి పట్టడం, కాలు చాపి జానెడు ఎత్తు లేపి పది లెక్కపెట్టడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తి ముని వేళ్ల మీద లేవడం. ఈ మూడోదే నాకు కొండెక్కినట్టు ఉండేది. రెండు కాళ్లతో నెలన్నరకి వచ్చింది, ఎడమ కాలు ఒక్కదానితో లేవడానికి వినాయకచవితి దాటింది. చీలమండ బిగుసుకుపోయి మెట్లు దిగడం ఎక్కడం కంటే కష్టమయ్యేది. చేతికర్ర ఎడమ కాలికి కుడి చేత్తో పట్టుకోవాలి. అమ్మ వినదు, "కుంటి కాలి పక్కన గదా కర్ర ఉండాల" అని తీసి ఎడమ చేతిలో పెట్టేది. ఒకసారి ఆమెనే రెండు రకాలుగా నడిపించి చూపించాను. కుడి చేత్తో పట్టుకుంటే ఎడమ కాలు వేసినప్పుడు ఒళ్లు పక్కకి వాలదు. "ఏమో, నీ ఇష్టం" అంది. ఒప్పుకున్నట్టే.

ఒక్క కాలి మీద పూర్తిగా నిలబడిన రోజు కూడా కాటా మీదే. జూన్‌లో, వానకి ముందు ఉక్కపోత. కుడి కాలు ఎత్తి పట్టుకున్నాను, చేతులు గాలిలో. 68.3. అంకె నిలకడగా నిలబడటానికి కొన్ని సెకన్లు పట్టింది. బయట ఉప్పు ప్యాకెట్టు కోసం నిలబడ్డ ముసలాయన, "కిలో ఎంతకిత్తావ్ బాబూ?" అన్నాడు.

ఎముక ముందు భాగం మీద వేలు పెట్టి రాస్తే, విరిగిన చోట చర్మం కింద రేగుపండంత బుడిపె తగిలేది. రాత్రి పడుకునే ముందు అది తడిమి చూసుకోవడం అలవాటైపోయింది. ఏడాదికి అది సగానికి సగం అణిగింది. ఎముకని తినే కణాలూ కట్టే కణాలూ ఒంట్లో ఎప్పుడూ పని చేస్తూనే ఉంటాయట, పెద్దవాళ్లలో ఏటా పదో వంతు ఎముక కొత్తది అవుతుందంటారు. విరిగి అతికిన చోట మళ్లీ విరగదని మా వాళ్లు ఇచ్చే భరోసా ఒకటి ఉంది. కాలస్ దట్టంగా ఉన్నన్నాళ్లు అక్కడ లావుగా ఉండే మాట నిజమే గానీ, సాపు అయ్యాక అదీ మామూలు ఎముకే, రాయి తగిలితే విరుగుతుంది అని డాక్టరు ఆ సంతోషం కూడా తీసేశారు.

ఇప్పుడు ఏడాదిన్నర. బస్తా మోయగలను, బండి నడుపుతున్నాను, కోతల రోజుల్లో పొద్దు వాలాక మాత్రం తీయను. మిగిలింది మోకాలు. రాడ్డు దించిన చోట, చిప్ప కింద, నేల మీద మోకాలు ఆనిస్తే గుచ్చుకుంటుంది. రాడ్డు వేసినవాళ్లలో చాలామందికి ఉండే బాధేనట. కింది అరలో సరుకు తీయాలంటే చిన్న పీట మీద కూర్చుంటాను. మొన్న చూపించుకోవడానికి వెళ్తే, కావాలంటే రాడ్డు తీయించుకోవచ్చు అన్నారు. తీశాక స్క్రూల బొక్కలు పూడేదాకా కొన్ని వారాలు మళ్లీ జాగ్రత్తగా నడవాలి, మోకాలి నొప్పి పోతుందన్న హామీ మాత్రం లేదు. ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ చుట్ట ఆర్పి పక్కన పెట్టింది.

"ఉండనీరా. ఒంట్లో ఇనుం ఉంటే గాలీ ధూళీ దగ్గరికి రాదు."

"అది ఇనుం కాదే అమ్మా, టైటానియం."

"ఏదో ఒకటిలే. ఎవుడికి తెలుత్తాది?"